యజమాని ధర్మము – యోగక్షేమము

జీతమిచ్చిన పిమ్మట పనివానియెడ యజమానికి ఋణమేమైన మిగులునా? చట్టము విధించినంత ఇచ్చి ఊరకుండుట ఒక మార్గము. చట్టము చేరని చోటికి తాను చేరుట మరియొక మార్గము. రెండవ మార్గమును కోరినవాడు తన పనివారికి అదనముగా ఏ బీమా సమకూర్చవలెనని ఆలోచింపవలసి యుండును. ఇది పైకి లెక్కల విషయముగా తోచును. విచారించినచో ధర్మవిచారమే యగును.

1956 సెప్టెంబరు 1న ఏర్పడిన భారతీయ జీవిత బీమా సంస్థ తన చిహ్నములోని సంస్కృత వాక్యమును భగవద్గీత తొమ్మిదవ అధ్యాయమునుండి గ్రహించినది. అందలి ముఖ్యపదము యోగక్షేమము. లేనిదానిని పొందుట యోగము, పొందినదానిని కాపాడుకొనుట క్షేమము అని ప్రసిద్ధార్థము. భగవద్రామానుజులు తమ గీతాభాష్యమున భగవత్ప్రాప్తిని యోగముగను, పునరావృత్తి లేకుండుటను క్షేమముగను వ్యాఖ్యానించిరి. ఆ పరమార్థము భగవంతుని అధీనము. లౌకికార్థమున మాత్రము మనకును కొంత బాధ్యత కలదు. జీతము పనివానికి యోగము. ఆ జీతముపై నిలిచిన కుటుంబము ఒక వ్యాధితోనో, ఒక ప్రమాదముతోనో కూలిపోకుండ చూచుట క్షేమము.

ఒక రైసుమిల్లును దృష్టాంతముగా తీసికొందము. అందు గుమాస్తాలు, మెకానిక్కులు, లారీ డ్రైవర్లు, బస్తాలు మోయు హమాలీలు కలరు. 1948 చట్టముతో ఏర్పడి, 1952లో కాన్పూరు, ఢిల్లీ నగరములలో ఆరంభమైన ఇ.ఎస్.ఐ. పథకము పనివానికిని, అతని కుటుంబమునకును చికిత్స కల్పించును. జబ్బుపడిన దినములలో వేతనమున కొంత భాగమును ఇచ్చును. భవిష్యనిధికి అనుబంధముగా 1976లో వచ్చిన బీమా పథకమునకు పనివాడు పైసా చెల్లింపనక్కరలేదు. యజమానియే చెల్లించును. దాని గరిష్ఠ ప్రయోజనము 2021లో 7 లక్షల రూపాయలకు పెరిగినది.

ఇవి గొప్ప ఆసరాలే. అయినను వీనికి హద్దులు కలవు. ఇ.ఎస్.ఐ. వేతన పరిమితిని 2017 జనవరిలో నెలకు 21,000 రూపాయలకు పెంచిరి. నమ్మకముగా పనిచేసిన గుమాస్తాకు జీతము పెంచగా, అతడు పరిమితిని దాటినచో కొలది మాసములలో ఆ రక్షణ తొలగిపోవును. మెచ్చి చేసిన మేలే అతని ఆసరాను తీసివేసినట్లగును. హమాలీ స్థితి మరియొక విధము. అతనికి బస్తాల లెక్కన కూలి. పలుచోట్ల హాజరుపట్టీలో అతని పేరే ఉండదు.

ఇప్పుడు యజమాని చేతిలో కొంత సొమ్ము కలదనుకొందము. మేనేజరు వేరొక చోటికి పోకుండ అతనికి పెద్ద మొత్తపు బీమా చేయింపవలెనని తోచుట సహజము. అది వ్యాపారదృష్టి, తప్పు కాదు. కాని దానిని ధర్మమని పిలువరాదు. పడిపోయినచో లేవనెత్తువారెవరును లేనివాడెవడో వానితో ధర్మము మొదలుకావలెను. 2015లో వచ్చిన ప్రధానమంత్రి సురక్షా బీమాకు 2022 జూనునుండి ఏడాదికి 20 రూపాయలు, జీవనజ్యోతి బీమాకు 436 రూపాయలు ప్రీమియముగా నిర్ణయించిరి. మొదటిది ప్రమాదమరణమునకు, రెండవది ఏ కారణముచేనైన మరణించినచో, 2 లక్షల రూపాయల చొప్పున కుటుంబమునకు ఇచ్చును. వయోనియమములు, బ్యాంకు ఖాతా సరిచూచి, హమాలీ పక్షమున ఆ 456 రూపాయలు భరించుట ఏ మిల్లుదారునకును భారము కాదు.

తరువాత వారినే అడుగవలెను. డ్రైవరునకు కాలు విరిగి ఇంట ఉన్న దినములలో వారము వారము కొంత సొమ్మునిచ్చు ప్రమాదబీమా అక్కరకు వచ్చును. పరిమితి దాటిన గుమాస్తాకు తల్లిదండ్రులను కూడ చేర్చు సామూహిక ఆరోగ్యబీమా కావలెను. సామూహిక బీమాలో ముందే ఉన్న వ్యాధులకు నిరీక్షణకాలము లేకుండ ఒప్పందము చేసికొనవచ్చును. అట్లయినచో తండ్రి మధుమేహమునకు తొలినాటినుండియే రక్షణ ఉండును. పాలసీపై వ్రాసిన మొత్తమును మాత్రమే చూడరాదు. ఆసుపత్రి గది అద్దెకు పరిమితి కలదా, ఖర్చులో రోగి భరింపవలసిన వంతు ఎంత అనునవి చదువవలెను. ఉద్యోగము వీడినచో సామూహిక రక్షణ సాధారణముగా ముగియునని ముందే చెప్పవలెను. నామినీ పేరు వ్రాయించి, పత్రము నకలును ఇంటివారికి అందజేయవలెను. భర్త మరణించిన పిమ్మట, బీమా ఉన్నదనియే ఎరుగని భార్యకు ఆ బీమా వలన ప్రయోజనమేమి?

కొందరు భక్తులు, "అందరిని కాపాడువాడు భగవంతుడే కదా, బీమా ఎందులకు?" అందురు. తన విషయమున ఆ మాట పలికి, దానికి కట్టుబడి జీవించువాని విశ్వాసము పూజ్యమే. హమాలీ బిడ్డల విషయమున అదే మాట పలికినచో అది విశ్వాసము కాదు, బాధ్యత తప్పించుకొనుట. భగవంతుడు కాపాడునపుడు ఎవరో ఒకరి చేతులమీదుగనే కాపాడును. ఆ చేతులు మనవి కారాదా?

మిల్లు లేనివారికిని ఈ విచారము వర్తించును. మన ఇంట వంటచేయు అమ్మ, కారు నడుపు డ్రైవరు, పాచిపని చేయు స్త్రీ మన ఆశ్రయముననే బ్రదుకుచున్నారు. వారికి ఖాతా కలదా, ఆపదలో ఏ ఆసరా కలదు అని అడిగి తెలిసికొని, కొరవడినదానిని సమకూర్చుట ప్రతి గృహస్థునకు కర్తవ్యము.