ఒకనాటి వంట – ఏడునాళ్ల భోజనము

"పెద్దల మాట చద్దిమూట" అని మన తెలుగునాట సామెత గలదు. కాని జైన గృహములలో పెద్దలు మొదట నేర్పు మాటయే "చద్ది తినరాదు" అని. రాత్రి గడచిన అన్నము, పప్పు, కూర మనకు అభక్ష్యములు. తేమగల వండిన పదార్థములలో సూక్ష్మజీవులు పుట్టి పెరుగుననియు, వానిని భుజించుట హింసయనియు మన ఆచార్యులు చెప్పిరి. ఈ నియమము నేటి జీవితమునకు తగునా అను ప్రశ్న మా యింటనే పుట్టినది. దానిని సోదర సోదరీమణుల యెదుట నుంచుచున్నాను.

నేను ఆదోనిలో వ్యాపారము చేసినవాడను. కొంతకాలముగా బెంగుళూరులోని హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో కుమారుని యింట నున్నాను. హోసూరు రోడ్డునకు, సర్జాపుర రోడ్డునకు నడుమ వెలసినందున ఆ పేటకు ఆ పేరు వచ్చినది. భార్యాభర్తలిద్దరును ఉద్యోగములు చేయు కుటుంబము లిచ్చట పెక్కు. ఆదివారమునాడు వారమునకు సరిపడు పప్పు, కూరలు వండి, డబ్బాలలో నింపి, ఫ్రిజ్‌లో నుంచి, దినమున కొక డబ్బా వేడిచేసికొనుట మా యిరుగుపొరుగు ఇండ్లలో వాడుక.

ఒక ఆదివారము మా కోడలును అట్లే చేయబూనెను. నేను కొంచెము కటువుగనే వారించితిని. ఆమె శాంతముగా, "మామయ్యగారూ! నవంబరులో ఇచ్చట ఆరు గంటలకు ముందే సూర్యుడస్తమించును. నేను ఇల్లు చేరునప్పటికి ఏడున్నర. అత్తయ్యగారు మోకాళ్ల నొప్పులతో రెండు పూటలును పొయ్యివద్ద నిలుచుచున్నారు. వారమున కొకమారే పొయ్యి వెలిగించినచో అగ్నికాయ జీవులకు హింస తగ్గదా?" అని అడిగెను. నాకు వెంటనే సమాధానము తోచలేదు.

తరువాత ఆలోచించితిని. అగ్నికాయ జీవుల మాట త్రోసివేయదగినది కాదు. అయినను ఫ్రిజ్ రాత్రింబవళ్లు విద్యుత్తుతో నడుచును. వేడిచేయుటకు మరల నిప్పు కావలెను. చల్లదనము సూక్ష్మజీవుల పెరుగుదలను మందగింపజేయునే గాని బొత్తిగా ఆపదు. వండిన పదార్థములను 5 డిగ్రీల లోపు చల్లదనములో నుంచినను మూడు నాలుగు దినములలో ముగింపవలెనని నేటి ఆహారశాస్త్రజ్ఞులును చెప్పుచున్నారు. బాసిల్లస్ సీరియస్ అను సూక్ష్మజీవి బీజములు అన్నము ఉడికిన వేడికి కూడ చావవు. ఆ అన్నము గంటల తరబడి బయట నిలిచినచో అవి మొలకెత్తి విషము పుట్టించును. ఆ విషము తిరిగి వేడిచేసినను పోదు. కావున పెద్దల నియమము వట్టి మూఢాచారము కాదు.

అయితే ఇది సగము సమాధానమే. తత్త్వార్థసూత్రకర్తయైన ఉమాస్వాతి హింసకు మూలము ప్రమాదమని, అనగా అజాగ్రత్తయని, తెలిపెను. మా యింట అజాగ్రత్త ఎవరిది? నేను ముప్పది యేండ్లు కొట్టులో ప్రతి బస్తా లెక్క చూచితిని గాని, ఒక పూట భోజనమునకు ఇంటిలో ఎంత శ్రమ పట్టునో ఏనాడును లెక్క చూడలేదు. వేడి పుల్కా పళ్లెములో పడవలెనని కోరితిని. అది కాల్చిన చేతులను చూడలేదు. నియమము నాది, శ్రమ నా భార్యది. పుణ్యము నా పద్దులో జమ, దాని ఖర్చు ఆమె పద్దులో! సూక్ష్మజీవులపై దయ చూపుచు, ఎదుట నిలిచిన పంచేంద్రియ జీవి అలసటను గమనింపనిది ఏపాటి అహింస?

వ్యాపారి కొక భేదము తెలియును. రాబోవు బేరమునకు యోచన చేయుట వేరు, గోదాములో సరుకు క్రుళ్లునట్లు కుప్పవేయుట వేరు. కావున యోచన వారమునకు, వంట ఏనాటి కానాడు అని మేము నిశ్చయించుకొంటిమి. ఇప్పుడు ఆదివారమునాడు నలుగురమును కూర్చుండి, అష్టమి చతుర్దశి తిథులు చూచుకొని, ఏడు దినముల వంటల పట్టిక వ్రాయుదుము. పప్పులు ఏరి వేరువేరుగ కొలిచి పెట్టుదుము. వెల్లుల్లి లేని కందిపొడి, ఖాఖ్రాలు సిద్ధము చేయుదుము. ఖాఖ్రాల వంటి ఎండు పదార్థములకు శ్వేతాంబరులు వర్షాకాలమున 15, వేసవిలో 20, శీతాకాలమున 30 దినముల గడువు పాటింతురు. రుచి గాని వాసన గాని మారినచో అంతకు ముందే విడువవలెను. పిండికి దిగంబరులు వర్షాకాలమున 3, వేసవిలో 5, శీతాకాలమున 7 దినములు చెప్పుదురు. పట్టిక వ్రాయునప్పుడు ఈ గడువు లెంతయో అక్కరకు వచ్చుచున్నవి.

ఉదయము కూరలు తరుగుట నా పని. కోడలు నాటి వంటనే రెండు డబ్బాలలో తీసికొనిపోయి, రెండవదానిని ఆఫీసులోనే సూర్యాస్తమయమునకు ముందు భుజించును. సాయంకాలము కిచిడి కుక్కరులో పెట్టుట ఏబదియైదవ యేట నేర్చుకొంటిని. మొదటినాడు అడుగంటినది, నా భార్య నవ్వి తినినది. గిన్నెలు తోముట కుమారుని వంతు. కొలిచి వండుటచేత రాత్రికి మిగులునది స్వల్పము, పారవేయునది అంతకన్న స్వల్పము.

ఇంటిలో నియమమును ఎట్లు నిలుపుకొనవలెనని చింతించు మిత్రులకు నా మనవి యొకటే. స్త్రీలకు ఉపదేశించుటకు ముందు ఒక వారము కత్తిపీట ముందు కూర్చుండుడు. నలుగురు మోసిన నియమము బరువు కాదు. ఒక్కరిపై మోపిన నియమము, ఎంత పవిత్రమైనదైనను, ఎక్కువ కాలము నిలువదు.

జై జినేంద్ర.