సాక్షి సంతకం

మా అమ్మాయి ఏం ఉద్యోగం చేస్తుందని ఎవరైనా అడిగితే చాలాకాలం "కంప్యూటర్ పని" అని తప్పించుకునేదాన్ని. హైదరాబాదులో మా ఇంటి వెనకగదిలో కూచుని, ఎక్కడో విదేశాల్లో ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతుకుతుంది. ఆ ప్రోగ్రాముల్ని స్మార్ట్ కాంట్రాక్టులంటారు, తను చేసే పనిని ఆడిట్ అంటారు. మొన్న సంక్రాంతి సెలవుల్లో ఒక నివేదిక నా చేతిలో పెట్టి, "భాష సరిగ్గా ఉందో లేదో చూడమ్మా" అంది. ముప్పై ఏళ్ళు పరీక్ష పేపర్లు దిద్దిన అలవాటుతో ఎర్ర పెన్ను తీశాను. మొదటి పేజీలోనే ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఈ పరిశీలన మాకు ఇచ్చిన కోడ్ వరకే పరిమితమనీ, ఇందులో మరే లోపమూ లేదన్న హామీ కాదనీ ఉంది అక్కడ. అన్ని ఆడిట్ నివేదికల్లోనూ అలా రాస్తారట. దాన్ని పరిధి అంటారట.

అలాంటి పరిధిలో నిలబడి నేనూ ఒకసారి సంతకం పెట్టాను. ఆ సంగతి తర్వాత చెబుతాను.

స్మార్ట్ కాంట్రాక్టంటే ఒప్పందాన్ని కాగితమ్మీద కాకుండా ప్రోగ్రాముగా రాయడం. బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి ఖాతా పుస్తకంలో దాన్ని పెడతారు. ఆ పుస్తకం నకళ్ళు ప్రపంచమంతా వేలాది కంప్యూటర్లలో ఉంటాయి. ఒకసారి పెట్టాక ఆ కోడ్‌ని మామూలుగా మార్చలేరు. షరతు నెరవేరితే డబ్బు దానంతటదే చేతులు మారుతుంది. మధ్యలో బ్యాంకు, వకీలు, కోర్టు అక్కర్లేదు. కోడ్‌లో ఏం రాసి ఉంటే అదే చట్టం అని ఈ రంగం మొదట్లో గర్వంగా చెప్పుకున్నారు.

2016లో ఆ గర్వానికి మొదటి పెద్ద పరీక్ష ఎదురైంది. ఎథీరియం అనే బ్లాక్‌చెయిన్ మీద 'ది డావో' పేరుతో ఒక ఉమ్మడి పెట్టుబడి నిధి ఏర్పడింది. ఏప్రిల్ 30న మొదలై నాలుగు వారాల్లో దాదాపు 15 కోట్ల డాలర్ల విలువైన ఈథర్ పోగైంది. ఒక భద్రతా సంస్థ పరీక్షించిన కోడే అది. ఇలాంటి కాంట్రాక్టుల్లో ఒక రకం లోపం ఉండొచ్చని జూన్‌లో కొందరు హెచ్చరించారు. నిధిలో డబ్బుకి ప్రమాదమేమీ లేదని జూన్ 12న నిర్మాతల వైపు నుంచి ప్రకటన వచ్చింది. సరిగ్గా ఐదు రోజులకి, 17న, సుమారు 36 లక్షల ఈథర్ బయటికి పోయింది.

ఆ లోపాన్ని మా అమ్మాయి నాకు పొదుపు సంఘం పోలికతో చెప్పింది. సంఘంలో లెక్కలు చూసే ఆవిడ ముందు డబ్బు చేతిలో పెట్టి, ఆ తర్వాత పుస్తకంలో రాసుకుంటుందనుకోండి. ఆమె రాసుకునేలోపే అదే సభ్యురాలు మళ్ళీ చెయ్యి చాపింది. పుస్తకంలో ఇంకా పాత నిల్వే ఉంది. మనిషైతే "ఇప్పుడేగా ఇచ్చాను" అంటుంది. ప్రోగ్రాముకి పుస్తకం తప్ప వేరే జ్ఞాపకం లేదు. మళ్ళీ ఇస్తుంది, మళ్ళీ మళ్ళీ ఇస్తుంది. చికిత్స చిన్నదే: ముందు నిల్వ చూడు, వెంటనే పుస్తకంలో రాసుకో, ఆ తర్వాతే డబ్బు ఇవ్వు. వరస తప్పితే ఖజానా ఖాళీ.

నాకు ఆసక్తి కలిగించింది ఆ తర్వాత జరిగిన వాదన. మరునాడు, డబ్బు తీసుకున్న వ్యక్తి పేరిట ఒక లేఖ తిరిగింది. అది నిజంగా అతను రాసిందేనని రుజువు కాలేదు. కానీ అందులోని తర్కం మాత్రం చాలామందిని ఇరుకున పెట్టింది. మీ కోడ్ ఇచ్చిన అవకాశాన్నే వాడుకున్నాను, కోడే అంతిమమని మీ నిబంధనల్లోనే ఉంది కదా, ఇది దొంగతనం ఎలా అవుతుంది? నిధి నిబంధనల్లో నిజంగానే అలా ఉంది. మనుషుల భాషలో ఇచ్చిన వివరణ కోడ్‌ని మార్చలేదని.

ఈ తర్కం ఆడవాళ్ళకి కొత్తా? "తనే కదా సంతకం పెట్టింది." "కాదని అనలేదు కదా." మౌనం అర్ధాంగీకారమని సామెతే ఉంది మనకి. రాసిన అక్షరాన్ని, పలికిన లేదా పలకని మాటని, ఆ మాట వెనక ఉన్న మనిషి నుంచి విడదీసి చూడడం పితృస్వామ్యానికి బాగా తెలిసిన విద్య. కరోల్ పేట్‌మన్ 1988లోనే 'ది సెక్సువల్ కాంట్రాక్ట్' పుస్తకంలో, స్వేచ్ఛగా, సమానంగా కుదిరిందని చెప్పుకునే సామాజిక ఒప్పందం అడుగున స్త్రీల అధీనతని స్థిరపరిచే మరో ఒప్పందం ఉందని వాదించింది.

మన దేశపు కాంట్రాక్టు చట్టం 1872 నాటిది, వలస పాలకులు రాసింది. అయినా అందులో రెండు సెక్షన్లు నాకు ఇష్టం. ఇద్దరూ ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకుంటేనే సమ్మతి అంటుంది 13వ సెక్షన్. బలవంతం, అనుచిత ప్రభావం, మోసం, తప్పుడు సమాచారం, పొరపాటు, వీటివల్ల వచ్చింది కానప్పుడే ఆ సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చినట్టు అంటుంది 14వ సెక్షన్. కోడ్‌లో ఈ సెక్షన్లు లేవు.

ఇక నా సంతకం. 1994లో మా తాతగారు వీలునామా రాయకుండా పోయారు. మూడెకరాల మాగాణి, ఊళ్ళో పెంకుటిల్లు, రెండూ ఆయన స్వార్జితమే. 1956 చట్టం ప్రకారం అమ్మకి మామయ్యతో సమాన వాటా. కర్మకాండలైన నెలకి మామయ్య కారు తీసుకొచ్చి, "అక్కయ్యా, ఆ పొలం కాగితాల పని ఒకటుంది" అన్నాడు. నేనప్పుడు ఎం.ఏ. రెండో సంవత్సరం. రిజిస్ట్రేషన్ ఆఫీసు వరండాలో దస్తావేజు లేఖరి గబగబా చదివి వినిపించాడు. నేను ఆ కాగితం తీసుకుని మొత్తం చదివాను. పొలంతోపాటు ఇల్లు కూడా ఉంది అందులో. ఎవరి ప్రోద్బలమూ లేకుండా, ఇష్టపూర్వకంగా, పూర్తి స్పృహతో అన్న మాటలూ ఉన్నాయి. అమ్మ సంతకం చేసింది. సాక్షిగా నేను చేశాను. చట్టప్రకారం సాక్షి పని సంతకం చేస్తుంటే చూడడమే. లోపలి విషయానికి సాక్షి పూచీ లేదు. నా పరిధి అంతే.

2009లో మా అన్నయ్య ఇంట్లో ఏదో మాటామాటా వచ్చిన రోజు అమ్మ నన్నడిగింది. "ఆ కాగితంలో ఇల్లు కూడా ఉందిటే? నేను పొలమే అనుకున్నాను. ఇంట్లో నాకో గది ఉంటుందనుకున్నాను." ఒకే విషయం, ఒకే అర్థం. తెలియదమ్మా, చూడాలి అన్నాను. నాకు తెలుసు. పదిహేనేళ్ళుగా తెలుసు.

ఇది చెప్పినప్పుడు మా అమ్మాయి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత వాదనకి దిగింది. "పెద్దమనుషులు మాట మార్చినట్టు కోడ్ మార్చదమ్మా. అమ్మమ్మ వాటా దాన్లో ఉంటే, తాతయ్య ఎంత చుట్టూ తిరిగినా ఆవిడ తాళం లేకుండా కదిలేది కాదు." నిజమే. కులం, లింగం, పలుకుబడి చూడని యంత్రం మీద ఆశ పెట్టుకోవడాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ ఆ రోజు వరండాలో తాళం తిప్పింది అమ్మ చెయ్యే కదా. ఆ చెయ్యి ఎందుకు కదిలిందో యంత్రం అడగదు. అడగాల్సింది పక్కన కూచుని చదివిన మనిషి.

కోడ్ అంతిమమన్న వాళ్ళు కూడా 2016లో ఆ మాట మీద నిలబడలేదు. అప్పటికున్న మొత్తం ఈథర్‌లో దాదాపు 14 శాతం ఆ నిధిలో ఉంది. పోయిన డబ్బు నియమం ప్రకారం కొన్ని వారాలు కదలకూడదు. ఆ వ్యవధిలో చర్చించుకుని, జూలై 20న ఖాతా పుస్తకాన్నే సవరించి డబ్బు వెనక్కి రప్పించారు. ఒప్పుకోనివాళ్ళు పాత పుస్తకాన్నే కొనసాగించారు. ఎథీరియం క్లాసిక్ అలా పుట్టింది. మరుసటి ఏడాది పారిటీ అనే సంస్థ వాలెట్ల విషయంలో కథ వేరు. ఎన్నో వాలెట్లు ఆధారపడిన ఒక ఉమ్మడి కోడ్‌కి యజమాని ఎవరో నమోదు చేయకుండా వదిలేశారు. 2017 నవంబరు 6న ఎవరో ఒక వాడకందారు తనే యజమానిగా నమోదై దాన్ని చెరిపేశాడు. పొరపాటున జరిగిందన్నాడు. 587 వాలెట్లలో 5,13,774 ఈథర్ బిగుసుకుపోయింది. విడిపించాలన్న ప్రతిపాదన 2018లో వచ్చింది కానీ నెగ్గలేదు. ఇప్పటికీ అది అలాగే ఉంది. ఇక్కడ నష్టపోయినవాళ్ళు అబలలేమీ కాదు, డబ్బున్నవాళ్ళే ఎక్కువ. వాళ్ళని అమ్మతో పోల్చడం లేదు. అక్షరమే అంతిమమన్న సూత్రం ఎవరికోసం సడలుతుంది, ఎవరి విషయంలో బిగుసుకుంటుంది అన్నదే నా ప్రశ్న.

ఇలాంటి లోపాలు చాలావరకు ఇప్పుడు అందరికీ తెలిసినవే. పాత కరెంటు మీటరు చివరి అంకె దాటి సున్నాకి తిరిగినట్టు లెక్క తిరగబడే లోపం ఉండేది. 2020 డిసెంబరులో వచ్చిన సాలిడిటీ భాష కొత్త రూపంలో దానికి సహజంగానే అడ్డుకట్ట పడింది. ముందు ఇచ్చి తర్వాత రాసుకునే తప్పుని స్లిథర్ లాంటి ఉపకరణాలు క్షణాల్లో పసిగడతాయి. కానీ ఈ పని ఎవరికి అనుమతించాలి, ఎవరికి కూడదు అన్నది ఉపకరణానికి తెలియదు. రాసినవాళ్ళ ఉద్దేశమేమిటో, డబ్బు పెట్టేవాళ్ళు ఏమని నమ్ముతున్నారో ఊహించి, రెంటినీ కోడ్ పక్కన పెట్టి చదవాలి. ఆ చదువు మనిషే చదవాలి. బాగా చదివితే ఏమీ జరగదు. ఏమీ జరగకపోవడానికి చేసిన చాకిరీ ఎవరికీ కనపడదని ఇల్లు నడిపిన ఆడవాళ్ళకి వేరే చెప్పాలా?

నా చేతికిచ్చిన నివేదికలో అసలు చిక్కు ఏ లోపం గురించీ కాదు. అది జనం డబ్బు దాచుకునే కాంట్రాక్టు. ఎవరూ డబ్బు తీసుకోకుండా ఎప్పుడైనా, ఎంతకాలమైనా ఆపే అధికారం యజమానికి ఉంది. కోడ్ రాసినవాళ్ళు కావాలనే పెట్టుకున్నారు, అది అనుకున్నట్టే పనిచేస్తోంది. అందుకని దాన్ని చిన్న అంశంగా చివర్లో వెయ్యమని ఆ సంస్థ కోరింది. ఆడిట్‌కి డబ్బిచ్చేది ఆ సంస్థే. డబ్బు దాచుకునేవాళ్ళు ఆ గదిలో లేరు. అనుకున్నట్టే పనిచేసేదాన్ని తప్పు అనొచ్చా అన్నది మా అమ్మాయి సందేహం.

మా అమ్మ దస్తావేజులో ఒక్క తప్పూ లేదు. సర్వే నంబర్లు, హద్దులు, స్టాంపు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. రాయించినవాళ్ళు అనుకున్నట్టే అది పనిచేసింది. ఆ రోజు కారు, లేఖరి ఫీజు, మాకు పెట్టించిన హోటల్ భోజనం మామయ్యవే. నేనడగాల్సింది ఒక్క మాటే: "అమ్మా, ఇల్లు కూడా పోతుంది. తెలుసా?" తెలుసు, అయినా ఇస్తాను అనేదేమో. తమ్ముడి మీద ప్రేమ అబద్ధమేమీ కాదు. అప్పుడు ఆ సమ్మతి ఆమెది అయ్యేది.

అమ్మాయి ఆ అంశాన్ని నివేదిక మొదట్లోనే పెట్టింది. యజమాని ఉపసంహరణలని నియంత్రించగలరు అని రాసింది. నేను కొట్టేసి, మీరు దాచుకున్న డబ్బు మీరు తీసుకోకుండా ఆపగలరు అని రాయించాను. సంస్థ నివేదికను బయటపెట్టింది. ఆ అంశం పక్కన మాత్రం "గుర్తించాం" అని ఒక్క ముక్క చేర్చింది. చదివాం, మార్చం అని దానర్థమట. డబ్బు పెట్టేవాళ్ళలో ఎంతమంది చదువుతారో తెలియదు. చదివినవాళ్ళకి మాత్రం తెలుస్తుంది.

అమ్మ 2014లో పోయింది. ఆమె అడిగినదానికి నేనింకా జవాబు చెప్పలేదు. విచారణ కమిటీల్లో, ఎంపిక సంఘాల్లో, సిద్ధాంత వ్యాసాల పరీక్షకులుగా మనం ఎన్నో కాగితాలు చదివి కింద సంతకం పెడుతుంటాం. నష్టపోబోయే మనిషి ఆ గదిలో ఉండదు, ఉన్నా ఆ భాష తెలియదు. నా పరిధి ఇంతేనని మనకి మనం చెప్పుకున్న రోజులు ఎన్ని ఉన్నాయో నేను లెక్కపెట్టుకుంటున్నాను. మొదటిది 1994.