ఆట చాలించే హక్కు ఎవరిది

ఆటగాడు శిఖరాన ఉన్నప్పుడే ఆట చాలించాలనే మాట ఎంతగా స్థిరపడిపోయిందంటే, దాన్ని నిరూపించవలసిన అవసరమే లేదన్నట్టు పత్రికల క్రీడాపుటల్లోనూ టీకొట్ల దగ్గరా ఒకే స్వరంతో వినిపిస్తుంది. ‘ఇంకా ఆడొచ్చు కదా’ అని జనం అంటున్నప్పుడే తప్పుకోవడం హుందాతనమనీ, ‘ఇంకా ఆడుతున్నాడా’ అనిపించుకోవడం అవమానమనీ దాని తాత్పర్యం. ఈ రెండు సందర్భాల్లోనూ మాట్లాడేది చూసేవాళ్ళే గాని ఆడేవాడు కాడు. ఆడేవాడి ముగింపును చూసేవాడి రుచిని బట్టి ఎందుకు నిర్ణయించాలనే ప్రశ్న మాత్రం ఎక్కడా వినబడదు. ఈ వ్యాసాన్ని పుట్టించిన సందేహం అదే, దానికి తృప్తికరమైన సమాధానం వ్యాసం చివర కూడా దొరకకపోవచ్చు.

ఈ సూక్తికి అన్ని విధాలా ఎదురు నిలిచే జీవితం కొఠారి కనకయ్య నాయుడిది. మచిలీపట్నం మూలాలున్న తెలుగు కుటుంబంలో 1895 అక్టోబరు 31న నాగపూర్‌లో పుట్టిన సి.కె. నాయుడు 1916లో, యూరోపియన్ల జట్టుపై హిందువుల జట్టు తరఫున, తన మొదటి ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ ఆడాడు. ఫస్ట్‌క్లాస్ అంటే ఒక ఊరి పోటీ స్థాయిని దాటి, పరుగులూ వికెట్లూ అధికారిక రికార్డుల్లో చేరేంత గుర్తింపు ఉన్న బహుదిన మ్యాచ్ అని అర్థం. ఆ స్థాయిలో ఆయన చివరి మ్యాచ్ 1963-64 సీజన్‌లో, ఒక సహాయ నిధి కోసం నాగపూర్‌లో జరిగినది. అప్పటికి ఆయనకు 68 ఏళ్ళు. ఈ రెండింటి మధ్య 207 మ్యాచ్‌లు, 11,825 పరుగులు, 26 శతకాలు, 411 వికెట్లు ఉన్నాయి. ఆరు దశాబ్దాలను తాకిన ఈ ఆటలో టెస్టులు ఏడే, అవీ 1932 నుంచి 1936 వరకు నాలుగేళ్ళలోనే. దేశం తరఫున ఆడే అవకాశం ముగిసిన తరువాత ఆయన ఇంకో పాతికేళ్ళకు పైగా ఆడాడన్న విషయాన్ని చరిత్రలు ఒక వింతగా చెప్పి దాటిపోతాయి. నిజానికి ఆలోచించవలసింది అక్కడే ఉంది.

శిఖరం సంగతినే తీసుకుంటే, నాయుడు శిఖరం ఎక్కడ? 1926లో ఎం.సి.సి. జట్టుపై బొంబాయి జింఖానా మైదానంలో పదకొండు సిక్సర్లతో కొట్టిన 153 పరుగులే ఆయన పేరును దేశమంతటా మోగించాయి గనుక, సూక్తి ప్రకారం 31 ఏళ్ళ వయసులో ఆ సాయంత్రమే ఆయన ఆట చాలించవలసింది. అలా చేసి ఉంటే 1932 జూన్ 25న లార్డ్స్‌లో భారతదేశపు మొట్టమొదటి టెస్టుకు నాయకత్వం వహించినవాడు వేరొకడయ్యేవాడు, ఆ పర్యటనలో 1,618 పరుగులు చేసి 1933 నాటి విజ్డెన్ ఎంపిక చేసిన ఐదుగురు క్రికెటర్లలో చోటు సంపాదించే అవకాశమూ ఉండేది కాదు. పోనీ 1932నే శిఖరమనుకుంటే, 50 ఏళ్ళ వయసులో 1945-46 సీజన్‌లో హోల్కార్ సంస్థానపు జట్టు తరఫున బరోడాపై చేసిన 200 పరుగులను ఎక్కడ పెట్టాలి? శిఖరం అనేది వెనక్కి తిరిగి చూసేవాడికి కనబడే ఎత్తు. నడుస్తున్నవాడికి ముందున్నది మరో మెట్టో పల్లమో తెలిసే మార్గం లేదు. తెలియని చోట ఆగమనడం సలహా అనిపించుకోదు.

అయితే ఈ వాదన అనుకున్నంత బలమైనది కాదు. శిఖరం తెలియకపోయినా దిగుడు తెలుస్తుంది. బ్యాట్ పట్టుకున్నవాడి వయసును అనుభవమూ కంటిచూపూ కొంతకాలం దాచగలవు గాని, బౌండరీ దగ్గర నిలబడ్డవాడి వయసును కాళ్ళు మొదటి బంతికే బయటపెడతాయి. బేస్‌బాల్‌లో ఈ పరీక్ష మరీ కఠినం. ఆ ఆటలో బేస్‌లున్న చతురస్రానికి వెలుపల, కంచె దాకా పరుచుకున్న పచ్చికను కాచే ముగ్గురిని అవుట్‌ఫీల్డర్లంటారు. ఇన్నింగ్స్ మొత్తంలో తమ వైపు ఒక్క బంతీ రాకపోయినా వచ్చే ఆ ఒక్కదాని కోసం వాళ్ళు సిద్ధంగా ఉండాలి, గాలిలోకి లేచిన బంతి ఎక్కడ పడుతుందో బ్యాట్ శబ్దం వినబడిన మరుక్షణమే అంచనా వేసి పరుగెత్తాలి, అందుకున్నాక బేస్ దాకా గురితప్పకుండా విసరాలి. అమెరికాలో 3,089 హిట్లు కొట్టిన జపాన్ అవుట్‌ఫీల్డర్ ఇచిరో సుజుకి వృత్తి జీవితం 2019 మార్చిలో టోక్యోలో, 45 ఏళ్ళ వయసులో ముగిసింది. అంతకు ముందటి సంవత్సరం మే నెలలోనే సియాటెల్ జట్టు ఆయనను ఆడేవారి జాబితా నుంచి తప్పించి సలహాదారు హోదా ఇచ్చింది. ఆయన మాత్రం సీజన్ పొడవునా రోజూ యూనిఫాం వేసుకుని జట్టుతో సాధన చేశాడు, పోటీలో దిగలేదు. ఆట వదిలిన తరువాతా ఆ సాధన ఆగలేదు, జపాన్‌లో హైస్కూల్ అమ్మాయిల ఎంపిక జట్టుతో ఏటా మ్యాచ్ ఆడుతూ వచ్చాడు, 2025లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన మొదటి జపనీయుడయ్యాడు.

ఇచిరో ఉదాహరణ మొదటి చూపులో సందేహాన్ని తీర్చేసినట్టే కనబడుతుంది. ఆట వేరు, జట్టులో చోటు వేరు. చోటు వదిలినవాడు ఆట వదలనక్కరలేదు, అంతటితో తగువు తీరింది. కానీ ఈ పరిష్కారంలో ఒక మోసం ఉంది. ఎదుటివాడు నిజంగా ఓడించాలని వేసే బంతి లేకుండా సాధన మాత్రమే మిగిలితే, అది ఆటేనా? 1951-52లో బొంబాయితో ఆడుతున్నప్పుడు దత్తు ఫడ్కర్ వేసిన బంతి ముఖానికి తగిలి పళ్ళు ఊడితే, 56 ఏళ్ళ నాయుడు వాటిని పిచ్ మీద నుంచి పక్కకు తోసి, చికిత్సకు వెళ్ళకుండా మళ్ళీ బ్యాటు పట్టుకుని నిలబడ్డాడని చెప్పుకుంటారు. ఈ కథను ధైర్యానికి తార్కాణంగా వాడుకోవడం తేలిక. అంతకన్నా విలువైన సంగతి మరొకటి దీనిలో ఉంది: ఒక టెస్టు బౌలరు 56 ఏళ్ళవాడికి ఆ బంతి వేశాడు. పెద్దాయన కదా అని మెల్లగా వేయకపోవడమే ఫడ్కర్ చూపిన మర్యాద, ఆ మర్యాద దొరికే చోటు పోటీ తప్ప మరొకటి లేదు. గౌరవ సభలూ శాలువాలూ ఇవ్వలేనిది అది. 1956లో పద్మభూషణ్ వచ్చాక కూడా, 1956-57లో ఉత్తరప్రదేశ్ తరఫున 61 ఏళ్ళ వయసులో ఆయన రంజీ బరిలో దిగాడంటే ఆ కారణాన్ని అక్కడే వెదకాలి. డబ్బు కోసమని అనుకోవడానికి ఆధారం తక్కువ. హోల్కార్ మహారాజు కొలువులో కల్నల్ హోదా పొందినవాడాయన.

చిలకలూరిపేట చుట్టుపక్కల నల్లరేగడిలో ఈ వాదనకు సమర్థనా ఖండనా రెండూ ఒకే పైరు మీద దొరుకుతాయి. పత్తి ఒక్కసారిగా చేతికి వచ్చే పంట కాదు. కాయ పగిలినప్పుడల్లా మూడు నాలుగు తీతలుగా తీస్తారు, చివరి తీతకు వచ్చేసరికి కాయ చిన్నదై, పింజ, అంటే దూది పోగు పొడవు, తగ్గి, రంగు మారి, ధర పడిపోతుంది. అయినా మొదటి తీత బాగుంది గనుక అంతటితో చాలిద్దామన్న రైతు ఈ నేలమీద ఉండడు; చివరి తీత పత్తి కూడా పత్తే, కూలి గిట్టినంత కాలం తీస్తాడు. ఇక్కడి దాకా పైరు నాయుడి పక్షాన సాక్ష్యం చెబుతుంది. కానీ ఆలస్యంగా కాసిన కాయల్లోనే గులాబీ రంగు పురుగు నిలవ ఉండి, చేలో మిగిలిన పత్తికట్టె ఆసరాగా వేసవి దాటి, మరుసటి ఏటి లేత పైరు మీద పడుతుంది. అందుకే డిసెంబరు, జనవరి నెలలకు మించి పత్తిని చేలో ఉంచవద్దని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఏటా మొత్తుకుంటారు. చివరి నాలుగు కాయల మీది ఆశకు మూల్యం చెల్లించేది ఈ పైరు కాదు, వచ్చే పైరు. దీన్ని ఆటకు అన్వయిస్తే ప్రశ్న ముఖం మారిపోతుంది: జట్టులో ఉండేది పదకొండు మంది, 61 ఏళ్ళ పెద్దాయన ఒకరైతే 19 ఏళ్ళ కుర్రవాడొకడు బయట కూర్చోవాలి. ఆ కుర్రవాడి పేరు ఏ చరిత్రలోనూ లేదు, ఎందుకంటే అతను ఆడలేదు.

ఇక్కడ ఆలోచన నిజంగానే ఆగిపోతుంది. చూసేవాడి రుచి మాటను కొట్టివేయడం సులభం, ఆ బయట కూర్చున్నవాడి మాటను కొట్టివేయడం సాధ్యం కాదు. అయినా ఈ న్యాయం అన్ని చోట్లా ఒకే తీరుగా పనిచేయదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ 1953-54 సీజన్‌లోనే ఆంధ్ర జట్టు రంజీ ట్రోఫీలో తొలిసారి అడుగుపెట్టింది, దానికి నాయకుడు 58 ఏళ్ళ సి.కె. నాయుడు. మద్రాసు నీడ నుంచి అప్పుడే బయటపడిన జట్టుకు ఆయన రాక ఒక చోటును తినివేసిందా, లేక మిగిలిన పదిమందికీ ఒక చోటును కల్పించిందా? మూడేళ్ళ తరువాత ఉత్తరప్రదేశ్‌లో అదే మనిషి అదే పని చేసినప్పుడు జవాబు అదే అయి ఉండనక్కరలేదు. అంటే వయసును బట్టి తీర్పు చెప్పే సూక్తి ఇక్కడా చెల్లలేదు, దానికి ఎదురుగా నిలబెట్టిన వాదనా చెల్లలేదు.

ఈ చిక్కును ఇంకొక వైపు నుంచి చూపించేది గుంటూరులో 1985లో పుట్టిన అంబటి రాయుడి వృత్తి జీవితం. పదిహేడేళ్ళకే ఒకే రంజీ మ్యాచ్‌లో హైదరాబాద్ తరఫున ఆంధ్రపై 210, 159 నాటౌట్ కొట్టినవాడు, 2004లో అండర్-19 ప్రపంచ కప్‌లో భారత జట్టు నాయకుడు, తొలి అంతర్జాతీయ వన్డే ఆడేనాటికి అతనికి 27 ఏళ్ళు నిండాయి. ఆడిన 55 వన్డేల్లో సగటు 47.05, టెస్టు ఒక్కటీ లేదు. 2019 ప్రపంచ కప్ జట్టులో పేరు రాలేదు, అప్పటి ప్రధాన సెలెక్టర్ ఎం.ఎస్.కె. ప్రసాద్ కూడా గుంటూరు ప్రాంతీయుడే కావడం ఒక విడ్డూరం. ఆ జూలైలో ఆట చాలించానన్నాడు, ఆగస్టు ముగిసేలోపు వెనక్కి తీసుకున్నాడు, చివరకు 2023 మే నెలలో ఐపీఎల్ ఫైనల్ రోజున ఇక వెనుదిరగనని ప్రకటించి, 8 బంతుల్లో 19 పరుగులు చేసి, ఆరో టైటిల్‌తో నిష్క్రమించాడు. అదే ఏడాది డిసెంబరులో ఒక రాజకీయ పార్టీలో చేరి పది రోజుల్లోనే బయటికి వచ్చినప్పుడు, మాట మార్చుకున్నాడన్న పాత ఎగతాళే కొత్త రంగంలో మళ్ళీ మొదలైంది. అయితే ఎగతాళి చేసినవాళ్ళు ఒక తేడాను గమనించలేదు: నాయుడు ఎక్కువ సందర్భాల్లో తన పేరు తానే రాసుకోగల నాయకుడు, రాయుడు పేరు ఎప్పుడూ ఇతరుల కలంలో ఉండేది. తన ప్రారంభాన్నీ కొనసాగింపునూ ఎవరో నిర్ణయిస్తున్నప్పుడు, మనిషి చేతిలో మిగిలే ఒకే ఒక్క నిర్ణయం వదిలేయడం. ఆ ఒక్కదాన్నీ ఒకటికి రెండుసార్లు వాడుకుంటే తప్పేమిటో తేల్చడం కష్టం.

ఈ తేడా తట్టిన తరువాత మొదటి సందేహం స్థానం మారుతుంది. కుర్రవాడి చోటు పోవడంలో అసలు బాధించేది పెద్దవాడి వయసు కాకపోవచ్చు, జాబితా రాసే చేయి అతనిదే కావడం కావచ్చు. సంక్రాంతికి గుంటూరు ప్రాంతపు ఊళ్ళలో జరిగే క్రికెట్ పోటీల్లో ఎంట్రీ ఫీజు కట్టిన పెద్దమనిషి పదకొండు మందిలో ఉండి తీరతాడనీ, అతన్ని బంతి రాని వైపు బౌండరీ దగ్గర నిలబెడతారనీ అందరికీ తెలిసినదే. దాన్ని ఎవరూ అన్యాయమనరు, నవ్వుకుంటారు. రంజీ స్థాయిలో నవ్వుకోవడం కుదరదు. విచిత్రమేమంటే, ఈ అన్యాయం రుచి నాయుడికి తెలియనిది కాదు. 1936లో ఇంగ్లండు వెళ్ళిన జట్టుకు నాయకుడు విజయనగరం మహారాజకుమార్. మూడు టెస్టుల్లో ఆయన చేసినవి 33 పరుగులు, ఆ నాయకత్వం ఆటను బట్టి కాక పలుకుబడిని బట్టి దక్కిందని అప్పుడూ ఇప్పుడూ దాదాపు అందరూ ఒప్పుకుంటారు. ఆయన కింద, 40 ఏళ్ళ వయసులో, ఓవల్ మైదానంలో తన చివరి టెస్టు ఇన్నింగ్స్‌లో నాయుడు 81 పరుగులు చేశాడు. అర్హతతో కాక అధికారంతో చోటు నిలుపుకున్నవాడి కింద ఆడడం ఎలా ఉంటుందో అనుభవించిన మనిషి, ఇరవై ఏళ్ళ తరువాత తానూ ఒకరికి అడ్డు నిలిచానేమోనని ఒక్కసారైనా అనుకున్నాడా?

1956-57 సీజన్‌లో నాయుడు అర్ధశతకాన్ని దాటగలిగాడన్నది ఈ ప్రశ్నకు సగం జవాబు. పరుగులు చేస్తున్నవాడిని వయసు పేరుతో తప్పించమనడం కూడా పలుకుబడి రాజకీయం లాంటిదే. మిగిలిన సగానికి జవాబు లేదు, ఎందుకంటే చోటు దక్కని కుర్రవాడు ఎన్ని పరుగులు చేసి ఉండేవాడో ఏ స్కోరుబోర్డూ చెప్పదు. న్యాయం వైపు నిలబడితే, 61 ఏళ్ళ నాయుడు ఆ బ్యాటును ఒక కుర్రవాడికి అందించి ఉండవలసిందనే ఒప్పుకోవాలి. ఒప్పుకున్నా, ఆయన ఆపేసి ఉంటే బాగుండేదని కోరుకోవడం ఈ రచయితకు ఎంత ప్రయత్నించినా సాధ్యం కావడం లేదు. ఆ కోరలేకపోవడం కూడా చూసేవాడి రుచేనని, మొదట తప్పుపట్టినది దాన్నేనని ఎవరైనా ఎత్తిచూపితే, ఆ ఆక్షేపణ సరైనదే.