పొగ యెక్కడికి పోవును?

కడచిన వేసవిలో ఒకనాటి సాయంకాలము నందిగామ సమీపగ్రామమునుండి ఒక రైతుమిత్రుడు జగ్గయ్యపేటలోని మాయింటికి వచ్చెను. ప్రత్తి, మిరప పండించి ఇద్దరు బిడ్డలను చదివించిన గృహస్థుడు. అతని పెద్దకుమార్తె నా శిష్యురాలు. ఆమెకు వివాహము కుదిరినది. అతడు మంచినీళ్లు త్రాగి, కొంతసేపు వానలనుగూర్చి మాటలాడి, తుదకు వచ్చిన పని చెప్పెను.

“మాస్టారూ, అల్లుడుగారికి కారు పెట్టాలండి. పెట్రోలుదా, కరెంటుదా అని ఇంట్లో రెండు పక్షాలయ్యాయి. కుర్రాడేమో కరెంటుదైతే వాతావరణానికి మంచిదంటున్నాడు. మీరు నాలుగు పుస్తకాలు చదివినవారు. ఏది మంచిదో చెప్పండి.”

నేను వెంటనే బదులు చెప్పలేక రెండుదినములు గడువడిగితిని. ఆ గడువులో ఆలోచించినదే యీ వ్యాసము. పైకి అంగడిప్రశ్నవలె గన్పట్టిన యీ విషయము విప్పినకొలది ధర్మప్రశ్నగా మారినది. “మంచిది” అనిన వెంటనే “ఎవరికి?” అను ప్రశ్న తోడుగా వచ్చును గదా.

ముందుగా ఖర్చు లెక్క చూతము. చిన్న పెట్రోలు కారు లీటరునకు 18 కిలోమీటర్లు నడచునని యనుకొందము. నూరు కిలోమీటర్లకు అయిదున్నర లీటర్లు కావలయును. మన రాష్ట్రమున లీటరు వెల కొన్ని యేండ్లుగా నూరు రూపాయలకు పైబడియే యున్నది; కావున ఆరువందల దాకా వ్యయము. అంతటి విద్యుత్తు కారునకు అదే దూరమునకు ఇంచుమించు 15 యూనిట్లు చాలును. ఇంటివద్ద ఛార్జింగు పెట్టుకొనినచో నూటయిరువది, నూటయేబది రూపాయలలో తీరును. ఇంజనునూనె మార్చు పనిలేదు, మరమ్మతులు తక్కువ. అయితే కొనునప్పటి వెల హెచ్చు. బ్యాటరీకి ఎనిమిదేండ్లని హామీ యిత్తురుగాని, ఆ తరువాత దానిని మార్చవలసివచ్చిన భారము పెద్దది. కావున దినదినము దూరము తిరుగువానికి విద్యుత్తు కారు లాభము. నెలకొకమారు బెజవాడ పోయివచ్చువానికి పెట్రోలు కారైనను నష్టము లేదు. ఈ లెక్క ఏ వ్యాపారియైనను చెప్పగలడు. మన ప్రశ్న యిక్కడితో ముగియదు.

విద్యుత్తు కారు నిన్న మొన్నటి వింతయని పలువురు తలంతురు. అది పొరపాటు. 1900 ప్రాంతమున అమెరికాలో తయారైన కార్లలో నాలుగవవంతుకు పైగా విద్యుత్తుతో నడచినవే. నాటి పెట్రోలు కారును నడిపింపవలెనన్న ఇనుపకడ్డీతో ఇంజనును చేత త్రిప్పవలసియుండెను. ఆ కడ్డీ యెదురుతన్ని చేతులు విరుగుటయు గలదు. 1908లో ఫోర్డు మోడల్‌ టీ చవుకగా వచ్చుట, 1912లో కెటరింగు కల్పించిన విద్యుత్‌ స్టార్టరు కాడిలాక్‌ కార్లలో చేరుట, చమురు విరివిగా దొరకుట—ఈ మూడును కలిసి విద్యుత్తు కారును మరుగుపరచినవి. లోకమున నిలిచినదెల్ల ఉత్తమమగుటచే నిలువలేదు. సులభమగుటచే నిలిచినవియు గలవు. మనదేశమున 2001లో బెంగుళూరినుండి రేవా యను చిన్న విద్యుత్తు కారు వచ్చినను, ఇల్లిల్లు దానిమాట తలచుకొనుటకు మరి యిరువదియేండ్లు పట్టినది.

ఇక పొగ మాట. పెట్రోలు లీటరు మండినచో ఇంచుమించు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడును. అనగా నూరు కిలోమీటర్లకు 12, 13 కిలోలు. చమురును పైకి తీసి, ఓడలలో తెచ్చి, శుద్ధిచేయుటలో వెలువడు పొగ దీనికి అదనము. విద్యుత్తు కారు వెనుక గొట్టమే లేదు. అందుచే పొగయే లేదని దాని యజమాని సంతోషించును. కాని ఆ విద్యుత్తు ఎక్కడిది?

మన ప్రాంతమువారు దీనికి బదులు గ్రంథములలో వెదుకనక్కరలేదు. నందిగామనుండి రహదారివెంట తూర్పుగా పోయి ఇబ్రహీంపట్నము చేరినచో ఆకసమునంటు చిమ్నీలు కానవచ్చును. అది నార్ల తాతారావుగారి పేరిటి థర్మల్‌ విద్యుత్కేంద్రము. 1979లో మొదటి యూనిటు మొదలైనది. 2023లో 800 మెగావాట్ల క్రొత్త యూనిటు చేరినది. అచ్చట బొగ్గు కాలును. తీగలలో ప్రవహించు విద్యుత్తు ఏ కేంద్రమునుండి ఏ యింటికి వచ్చెనని విడదీయజాలముగాని, దేశము మొత్తమున పుట్టు విద్యుత్తులో నాలుగింట మూడువంతులకు దగ్గరగా బొగ్గునుండియే వచ్చుచున్నది. ఆ సగటున యూనిటుకు ఇంచుమించు 0.7 కిలోల వాయువు. 15 యూనిట్లకు 10, 11 కిలోలు. దీనికి తోడు బ్యాటరీ తయారగునప్పుడే కొంత పొగ పుట్టియున్నది.

చదువరులు గమనింపగోరెదను. తేడా లేదని నేననుట లేదు. తేడా యున్నది, విద్యుత్తు కారువైపే మొగ్గియున్నది. కాని “పొగ లేని బండి” అను మాట సత్యము కాదు. పొగ పోలేదు, చోటు మారినది. జగ్గయ్యపేట వీధిలో నా వెనుక నడచు పిల్లవాని ముఖమున పడవలసినది దూరమున చిమ్నీ పైకి పోయినది. అందు కొంత మేలు నిజముగనే కలదు: జనసమ్మర్దముగల వీధిలో, పిల్లల ఊపిరి యెత్తున వెలువడు పొగకంటె, వడపోతయంత్రములు అమర్చుటకు వీలున్న ఒక్కచోటి పొగ మేలు. కాని ఆ చిమ్నీ క్రిందను ఊళ్లున్నవి. బొగ్గు కాలినచోట బూడిద పుట్టును. దానిని నింపుటకు చెరువులవంటి గుంటలు కావలయును. నా వాకిలి ఊడ్చి చెత్తను పొరుగువాని వాకిట వేసి, “మా వీధి శుభ్రము” అనుట ఎట్టిదో, పొగ లేదనుటయు నట్టిదే.

జలవిద్యుత్తు నిర్దోషము కాదా యందురేమో. జగ్గయ్యపేటకు ఎగువన కృష్ణపై డాక్టరు కె. ఎల్‌. రావుగారి పేరిట పులిచింతల ఆనకట్ట కలదు. దాని తెలంగాణ గట్టున 120 మెగావాట్ల విద్యుత్కేంద్రము నడచుచున్నది. అచ్చట పొగ లేదు. కాని ఆ జలాశయమున ఉభయజిల్లాల గ్రామములు పెక్కు మునిగినవి. తాతలు నాటిన చింతచెట్టును విడిచి వచ్చినవారి దుఃఖమును ఏ మీటరును కొలువజాలదు. బ్యాటరీ సంగతియు నంతే. అందలి కోబాల్టు లోకమునకు అధికభాగము కాంగో దేశమునుండి వచ్చును. అచ్చటి కొన్ని గనులలో పసివారు సైతము పనిచేయుట లోకవిదితము. ఇనుము, ఫాస్ఫేటు కలిసిన బ్యాటరీలకు కోబాల్టు అక్కరలేదనుటయు చెప్పవలసిన సత్యమే.

అట్లని పెట్రోలు పక్షమువారు సంతోషింపనక్కరలేదు. మనము వాడు ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా పరదేశములనుండి కొనితెచ్చుకొన్నదే. 1997 సెప్టెంబరు 14వ తేదీన విశాఖపట్టణపు చమురుశుద్ధికర్మాగారమున జరిగిన అగ్నిప్రమాదమున ఏబదిమందికి పైగా మరణించిరి. 2022 ఏప్రిలులో విజయవాడలో ఇంట ఛార్జింగు పెట్టిన విద్యుత్తు స్కూటరు బ్యాటరీ పేలి ఒకరు ప్రాణము విడిచినప్పుడు దేశమెల్ల కలతపడినది. బ్యాటరీల భద్రతకు నిబంధనలు గట్టిపడినవి. అది న్యాయమే. కాని పాతబడిన అపాయము మనకు అపాయముగా తోచదు, క్రొత్తదే తోచును. ఇది మనస్సు చేయు మోసము.

ఇచ్చట పూర్వపక్షి యిట్లనును: “రెంటను దోషమున్నప్పుడు భేదమేమి? ఏది కొనిననేమి?” ఈ వాదము తెలివిగా నుండును, కాని సోమరితనమునకు పుట్టిన బిడ్డ. మన వంటయిండ్లనే చూడుడు. మా అమ్మ పచ్చిపుల్లల పొయ్యి ఊదియూది కన్నులు ఎఱ్ఱచేసికొనిన దినములు నేనెరుగుదును. 1999లో దీపము పథకముచేత పేద స్త్రీలకు గ్యాసు వచ్చినప్పుడు, “గ్యాసునకును దోషమున్నది, కావున పుల్లలే చాలు” అని ఎవరైన ననియుండినచో ఆ మాట ఎవరి ఊపిరిని తినియుండెడిది? తక్కువ దోషము పుణ్యము కాదు, నిజమే. అయినను తక్కువ దోషము తక్కువ దోషమే. ఆ తక్కువలోనే కొందరి ఆరోగ్యమున్నది.

మరియొక భేదము కలదు. నేడు కొనిన పెట్రోలు కారు తన ఆయువు తీరువరకు ఏదో యొక నూనెనే కాల్చును. విద్యుత్తు కారు అట్లుకాదు. దేశమున ఎండతోను గాలితోను పుట్టు విద్యుత్తు పెరిగినకొలది అదే కారు తన యజమాని యెరుగకుండగనే శుభ్రపడుచుండును. నందిగామ, జగ్గయ్యపేట ఎండలు ఎట్టివో వేరుగ చెప్పనేల? ఇంటికప్పుపై సౌరఫలకములు వేసికొని పగటివేళ బండికి ఛార్జింగు పెట్టుకొనువాని లెక్క వేరు. రాత్రి పెట్టుకొనువాని లెక్క వేరు. ఒకే కారు, ఒకే తీగ. యజమాని శ్రద్ధనుబట్టి దాని దోషము హెచ్చుతగ్గులగును. కొనుటతో ధర్మము ముగియదనుటకు ఇంతకన్న తార్కాణమేల?

ఇంకొక మాట. రెండు కార్లను తూచునప్పుడు మూడవదానిని మరచుచున్నాము. మా ఆర్‌టీసీ బస్సు డీజిలుతోనే నడచునుగాక. ఏబదిమంది యెక్కిన బస్సులో ఒక్కొక్కని వంతు పొగ, ఒక్కడు కూర్చుండి నడుపు విద్యుత్తు కారు పొగకంటె తక్కువగుట పెక్కుమారులు నిజము. కారు కావలసినవారు కలరు: వృద్ధులు, రోగులు, వేళకాని వేళ ప్రయాణించు వైద్యులు. వారినిగూర్చి నా మాట కాదు. కాని కారు అవసరమా, గౌరవమా యని యడుగకుండ, ఏ కారు అని యడుగుట మెట్టు తప్పి యెక్కుట.

ఇంతవరకు వచ్చిన పిమ్మట నాకు నా మిత్రుని ప్రశ్నలోని ఒక మాట ములువలె గ్రుచ్చుకొనినది. అతడు “కారు కొనాలి” అనలేదు. “అల్లుడుగారికి పెట్టాలి” అనెను. పొగ యెవరి మీద పడునని ఇంతసేపు వెదకితిని. డబ్బెవరి మీద పడుచున్నది?

ఇచ్చట నా దోషమును చెప్పుకొనక తప్పదు. ఇరువదియేండ్లక్రిందట నా వివాహమున నేను మోటారుసైకిలు గైకొంటిని. “అడిగి” కాదు, “వారే యిచ్చిరి” అని నాడు సమాధానపడితిని. దానిపై బడికి పోయి నీతిపాఠములు చెప్పితిని. మా మామగారు దానికై చేసిన అప్పు తీరుటకు నాలుగేండ్లు పట్టెనని, ఆ నాలుగేండ్లును మా మరదలి చదువు ఆగెనని నా భార్య చెప్పినది చాలకాలమునకు. ఆ బండి పొగను ప్రభుత్వమువారు పరీక్షించి ధ్రువపత్రమిచ్చెడివారు. ఈ పొగను పరీక్షించిన వారెవరును లేరు. 1961లోనే కట్నమును ఇచ్చుటయు పుచ్చుకొనుటయు నేరమని శాసనము వచ్చినదని నేనెరుగని వాడను కాను.

వాతావరణమునకు మంచిదని విద్యుత్తు కారు కోరిన ఆ యువకుడు దుష్టుడు కాడు. చదువుకొన్నవాడు, రాబోవు తరములనుగూర్చి ఆలోచించువాడు. కాని దూరపు కష్టమును చూడగల కన్నునకు ఎదుటి కష్టము కానరాకపోవుట నేటి విద్యకు పట్టిన జబ్బు. ఎన్నడో పుట్టబోవు బిడ్డలకై పొగ తగ్గింపగోరి, ఎదుటనున్న మామగారి మిరపచేను తాకట్టు పెట్టింపవచ్చునా?

మూడవనాడు మిత్రుడు వచ్చినప్పుడు నా లెక్కలన్నియు చెప్పి, “రెంటిలో కరెంటు కారే మేలు. కాని దానిని కొనవలసినది మీరు కాదు. అది కావలసినవాడు తన జీతముతో కొనుక్కొనవలెను” అంటిని.

అతడు చాలసేపు మాటలాడలేదు. పిదప మెల్లగా, “మీరన్నది నిజమేనండి. కానీ ఇప్పుడు వెనక్కి తగ్గితే పిల్ల బతుకేమవుద్ది మాస్టారూ?” అనెను.

ఈ ప్రశ్నకు నా యొద్ద సమాధానము లేకపోయెను. తండ్రి భయమును తర్కముతో తీర్చజాలము. అతడొక్కడు తెగించి నిలువవలెనని, దూరమునుండి ధర్మము చెప్పు నేను కోరుటయు న్యాయము కాదు. భారమును బలహీనునిపై మోపుటయే కదా ఈ వ్యాసమంతట నేను తప్పుపట్టినది! నిలువవలసినవాడు పుచ్చుకొనువాడు. ఇచ్చువాడు నిరాకరించిన కుమార్తె కష్టపడును. పుచ్చుకొనువాడు నిరాకరించినచో ఎవరికిని కష్టము లేదు. కావున సులభమైన చోటనే ధర్మము మొదలు కావలెను.

అతనిని చిల్లకల్లు వైపు పోవు బస్సెక్కించి యింటికి వచ్చి, పదునెనిమిదేండ్ల మా కుమారుని పిలిచి, నా పెండ్లినాటి మోటారుసైకిలు కథ మొదటిసారి దాపరికము లేక చెప్పితిని. ఇంతకాలము చెప్పకపోవుటకు సిగ్గే కారణము. వాడు విని, “మరి తాతగారికి ఆ డబ్బు తిరిగిచ్చారా నాన్నా?” యని యడిగెను.

ఆ నెలనుండి ఇచ్చుచున్నాను. మామగారు మొదట వలదనిరి. మా మరదలి కుమార్తె కళాశాల రుసుము క్రింద పుచ్చుకొనుటకు ఒప్పుకొనిరి. ఈ పత్రిక చదువు గృహములందు పెండ్లికెదిగిన కుమారులు గలరు. వారు ఏ కారు కొనవలెనని యడిగిన విద్యుత్తు కారే కొనుడని చెప్పుడు. ఎవరి సొమ్ముతో నని ముందు అడుగుడు.