బాణం వేసిందెవరని అడగొచ్చా?

జారి పడిన మనిషికి దెబ్బలు ఎక్కడ తగులుతాయో నర్సులకు బాగా తెలుసు. పడేటప్పుడు ఎవరైనా చేతులు ముందుకు చాస్తారు కాబట్టి అరచేతులు గీసుకుపోతాయి, మోకాళ్లు చెక్కుకుపోతాయి. మీదికొచ్చే కట్టెకు అడ్డం పెట్టిన చేయి అయితే ముంజేతి బయటి అంచున, చిటికెన వేలి వైపు ఎముక మీద కమిలిపోతుంది. మదనపల్లెలోనో పుంగనూరులోనో రాత్రి పది దాటాక క్యాజువాలిటీకి వచ్చిన ఆడమనిషికి అరచేతుల మీద గీత కూడా లేకుండా ముంజేయి వాచిపోయి ఉంటే, ‘నీళ్లకాడ జారి పడింది మేడమ్’ అని పక్కనున్న మొగుడు చెప్పే మాటకూ ఆ చేతికీ పొంతన కుదరదు. డాక్టరు చూసి, మందులు రాసి, ఇంకో మంచం దగ్గరికి వెళతాడు. కట్టు కట్టేది, సూది వేసేది, తెల్లారేదాకా సెలైన్ సీసా మార్చేది నర్సు. తేడా ముందుగా కళ్లబడేది ఆమెకే. కళ్లబడ్డాక అడగాలా, తన పని తాను చేసుకుపోవాలా?

దయ గురించి మతాలు చెప్పిన కథల్లో ఈ ప్రశ్నకు జవాబు చూస్తే ఓ చిక్కు ఎదురవుతుంది. లోకం శాశ్వతమా కాదా తేల్చి చెప్పమని మాలుంక్యపుత్రుడు పట్టుబట్టినప్పుడు బుద్ధుడు విషబాణం ఉపమానం చెప్పాడు. కొట్టినవాడు ఏ కులంవాడో, పొట్టివాడో పొడుగువాడో తేలేదాకా బాణం తీయనివ్వనంటే గాయపడ్డవాడు ఆలోగా చచ్చిపోతాడు. క్రైస్తవుల మంచి సమరయుడి కథ కూడా ఇంచుమించు ఇదే దారి. దొంగలు కొట్టి పడేసినవాడి గాయాల మీద నూనె, ద్రాక్షారసం పోసి, సత్రంలో చేర్చి, రెండు దేనారాలిచ్చి అతను ముందుకు సాగిపోయాడు. మిషనరీ వైద్యుడు జాకబ్ చాంబర్లిన్ 1863లో మదనపల్లె చేరుకున్నాక ఈ ప్రాంతంలో వేళ్లూనిన ఆర్కాట్ మిషన్ వైద్యానికి, తర్వాత వచ్చిన మేరీ లాట్ లైల్స్ ఆస్పత్రికి ఈ కథే ఊపిరి అనుకోవచ్చు.

రెండు కథల్లోనూ కొట్టినవాడు కనపడడు. ఆస్పత్రిలో అట్లా కుదరదు. అతను వార్డు బయట బెంచీ మీద, టిఫిన్ క్యారియర్ పట్టుకుని కూర్చుని ఉంటాడు. డిశ్చార్జి నాడు ఆటో మాట్లాడేదీ అతనే. బాణం తీసి, విలుకాడి ఇంటికే పంపిస్తే వైద్యం అయిపోయినట్టేనా? బుద్ధుడి మీద నింద వేయడానికేమీ లేదు. ఆయన తోసిపుచ్చింది పనికిరాని తర్కాన్ని. ఇక్కడ ‘ఎవరు కొట్టారు’ అన్నదే చికిత్సలో ముఖ్యమైన ప్రశ్న.

అడిగినా చాలామంది చెప్పే మాట ఒకటే: ‘నా ఖర్మ సిస్టరమ్మా.’ 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఏదో ఒక కారణానికి భర్త భార్యను కొట్టడం సబబేనన్న ఆడవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 84 శాతం. చెప్పకుండా బయటికి వెళ్లడం, వంట సరిగా చేయకపోవడం, అత్తమామలను లెక్కచేయకపోవడం ఆ కారణాల్లో కొన్ని. దేశం మొత్తంమీద, హింసకు గురైన ఆడవాళ్లలో ఎవరినైనా సాయం అడిగినవాళ్లు 14 శాతమే. నర్సులేమీ ఆకాశం నుంచి ఊడిపడలేదు, ఆ ఊళ్ల నుంచే వచ్చారు. ‘సర్దుకుపో తల్లీ’ అనే మాట వాళ్ల నోటికీ సులువుగానే వస్తుంది.

కర్మను నమ్మేవాళ్లంతా చేతులు ముడుచుకు కూర్చోవాలని మన గ్రంథాలేమీ చెప్పలేదు. యోగవాసిష్ఠంలో వసిష్ఠుడు రాముడికి నూరిపోసింది దీనికి పూర్తిగా ఎదురు మాట. దైవం అంటే వెనకటి ప్రయత్నమే తప్ప వేరేమీ కాదనీ, ఇప్పటి ప్రయత్నం దాన్ని గెలవగలదనీ ఆయన వాదం. అయినా వాపు దిగని చేతితో ఉన్న మనిషికి వేదాంతం చెప్పడం నర్సు పని కాదు. క్షమించమని చెప్పడమూ కాదు. క్షమ అంటూ ఉంటే అది ఆమె సొత్తు, మధ్యవర్తులు పంచిపెట్టేది కాదు.

మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి మాట ఇక్కడ ఎక్కువ పనికొస్తుంది. అహింసను ఆదర్శంగా పెట్టుకోవడం ఎదుట ఉన్న హింసను చూడకుండా తప్పించుకునే ఉపాయమని ఆయన జీవితమంతా చెప్పాడు. తీర్పు చెప్పకుండా, పేరు పెట్టకుండా ఉన్నదాన్ని ఉన్నట్టు చూడమన్నాడు. సభలో వింటే ఇది గాలిలో మాటలా ఉంటుంది. ఆస్పత్రిలో మెడికో-లీగల్ కేసులు రాసే ఎమ్మెల్సీ రిజిస్టర్ దగ్గర మాత్రం చాలా ఖచ్చితమైన పనిగా మారుతుంది. ‘జారి పడింది’ అని రాయడం, ‘భర్త కట్టెతో కొట్టాడని ఆమె చెప్పింది’ అని రాయడం ఒకటి కావు. రెండేళ్ల తర్వాత కోర్టులో ఆమె పక్షాన మిగిలేది ఆ ఒక్క వాక్యమే కావచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో ఇచ్చిన కరదీపిక కూడా ఇట్లాంటి పనులే చెబుతుంది: వినడం, అవసరమేమిటో కనుక్కోవడం, నమ్ముతున్నామని తెలపడం, ఇంటికెళ్లాక ప్రాణానికి ముప్పు ఉందేమో ఆలోచించడం, తోడు దొరికే దారి చూపడం. ఏం చేయాలో తేల్చేది ఆమె. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లపై లైంగిక దాడి అయితే పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో చట్టం అంటుంది, అక్కడ ఎంపిక లేదు.

ఆమె తరఫున మనం నిర్ణయిస్తే ఏమవుతుందో చూపే ఉదంతం ముంబైలో ఉంది. కేఈఎం ఆస్పత్రి నర్సు అరుణా షాన్‌బాగ్ 1973లో దాడికి గురై, 2015లో కన్నుమూసేదాకా అదే ఆస్పత్రి మంచం మీద ఉంది. తోటి నర్సులు తరాలు మారినా వంతులవారీగా ఆమెను కనిపెట్టుకుని ఉన్నారు. కారుణ్య మరణం పిటిషన్‌ను 2011లో సుప్రీంకోర్టు తోసిపుచ్చినప్పుడు, ఆమె తరఫున మాట్లాడే హక్కు ఆస్పత్రి సిబ్బందిదేనంది. ఆ సేవకు చేతులెత్తి మొక్కాలి. కానీ అరుణ ఏం కోరుకునేదో ఎవరికీ తెలియదు. మాట్లాడగలిగే మనిషి ఎదుట ఉన్నప్పుడు ఆ నోటి మాట వినకపోవడానికి ఏ సాకూ లేదు.

వినాలంటే ముందు ఆమె ఒంటరిగా దొరకాలి. కుప్పంలో ఇది మరీ కష్టం. మూడు రాష్ట్రాలు కలిసే చోటు, కోడలు తమిళమో కన్నడమో మాట్లాడుతుంటే తెలుగులోకి మార్చి చెప్పేది అత్తే. మగవాళ్లను ప్రసూతి వార్డు గుమ్మం దగ్గర ఆపొచ్చు, అత్తను ఎట్లా ఆపుతారు? అప్పుడు నర్సు ఓ అబద్ధం ఆడుతుంది. ‘ఆధార్ కార్డు జెరాక్స్ కావాలి పెద్దమ్మా, తీసుకొస్తారా?’ సత్యవ్రతం పట్టిన కౌశికుడు, పారిపోతున్నవాళ్లు ఎటు వెళ్లారో దొంగలకు నిజం చెప్పి నరకానికి పోయాడని భారతంలో కృష్ణుడు అర్జునుడికి చెప్పాడు కాబట్టి, ఆమె పాపభయం పెట్టుకోనక్కర్లేదు. జెరాక్స్ షాపు ఆస్పత్రి గేటు ఎదురుగానే ఉంటుంది, దొరికేది ఐదు నిమిషాలు. ఆలోగా ఇంట్లో ఎవరైనా కొడుతున్నారా అని అడగాలి, చెప్పింది నమ్మాలి, మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరును కాగితం మీద రాసివ్వకుండా నోటితో చెప్పాలి. కాగితం ఇంట్లో ఎవరి చేతికైనా చిక్కుతుంది.