నుదురు లేనప్పుడు రాత ఎక్కడ?

మన ఏజెన్సీ బడుల్లో ఒక మాట తరచుగా వినిపిస్తుంది. "ఈ పిల్లలకు లెక్కలు ఎక్కవండీ, పుట్టుకతోనే అంతే." బయటివాళ్లు అంటే సరే, మనవాళ్లే కొందరు అంటారు. ఇంట్లో పెద్దలు నుదుటి రాత అని ఊరుకుంటారు. పుట్టుకతోనే అంటున్నారు గనుక పుట్టుక సంగతే చూద్దాం. దూరం పోనక్కర్లేదు, గంపలో పొదుగుతున్న కోడిపెట్ట చాలు.

గుడ్డులో పచ్చసొన మీద చిన్న తెల్లటి చుక్క ఉంటుంది. పుంజు కలిసిన గుడ్డయితే, పెట్టేనాటికే ఆ చుక్కలో వేల కణాలుంటాయి. అందులో తల లేదు, రెక్క లేదు, నుదురు అసలే లేదు. పెట్ట వెచ్చదనం తగిలాక ఒక రోజు లోపలే చుక్క మధ్య ఒక గీత ఏర్పడుతుంది. ఆ గీత గుండా కణాలు లోపలికి జారి మూడు పొరలవుతాయి. పై పొర నుంచి చర్మం, ఈకలు, మెదడు, నరాలు వస్తాయి. నడిమి పొర నుంచి ఎముకలు, కండలు, గుండె, రక్తం. లోపలి పొర నుంచి పేగుల లోపలి గోడ, కాలేయం. మెదడూ ఈకా ఒకే పొర బిడ్డలన్నమాట! రెండో రోజుకే గుండె కొట్టుకుంటుంది. 21వ రోజుకు పిల్ల బయటికి వస్తుంది.

ఈ సంగతి ఒప్పుకోవడానికి యూరపు పండితులకు చాలా కాలం పట్టింది. 17, 18 శతాబ్దాల్లో చాలామంది, గుడ్డులోనో వీర్యంలోనో బుల్లి ప్రాణి అన్ని అవయవాలతో ముందే ఉంటుందని నమ్మారు. 1694లో హార్ట్‌సోకర్ వీర్యకణం తలలో ముడుచుకు కూర్చున్న మనిషి బొమ్మ కూడా వేశాడు. అదే నిజమైతే మన తాతల లోపల మనమూ, మన లోపల మునిమనవలూ సృష్టి మొదట్లోనే తయారై ఉండాలి. 1759లో కాస్పర్ ఫ్రీడ్రిక్ వోల్ఫ్ కోడి పిండాన్ని పరిశీలించి, అవయవాలు ముందుగా లేవు, ఒకటొకటిగా తయారవుతున్నాయి అని రాశాడు.

అయినా వాదం తీరలేదు. 1888లో విల్‌హెల్మ్ రూ, కప్ప పిండం రెండు కణాలుగా ఉన్నప్పుడు ఒకదాన్ని కాల్చిన సూదితో చంపాడు. మిగిలింది సగం పిండమే అయింది. ఏ కణం ఏమవుతుందో మొదటే ఖాయమని ఆయన అనుకున్నాడు. కొన్నేళ్లకే హాన్స్ డ్రీష్, సీ అర్చిన్ అనే ముళ్ల సముద్రజీవి పిండంలో రెండు కణాలను విడదీశాడు. ఒక్కొక్కటీ చిన్నదే అయినా పూర్తి పిండమైంది. తేడా ఎక్కడ? రూ తాను చంపిన కణాన్ని తీసెయ్యలేదు. చచ్చిన సగం అంటుకుని ఉండటంతో బతికినది కూడా సగంలాగే పెరిగింది. తర్వాతివాళ్లు కప్పలోనే ఒక కణాన్ని పూర్తిగా తీసేస్తే, మిగిలినది పూర్తి పిండం కాగలిగింది.

మనం ఆగి ఆలోచించవలసింది ఇక్కడే. సగం పిండాన్ని చూసి దాని సత్తా అంతే అనడం తేలిక, దానికి ఏం అంటుకుని ఉందో చూడటం కష్టం. ఇంట్లో కోయ, కువి, సవర మాట్లాడే పిల్ల తెలుగులో చెప్పిన భాగహారం అందుకోలేకపోతే, లోపం పుట్టుకదని ఎలా తేలుస్తాం? గుడ్లు పిల్లలు కాకపోతే మన అవ్వలు గుడ్డునొక్కదాన్నే తప్పుపట్టరు. పెట్ట లేచి తిరిగిందా, గంపలో తడి చేరిందా అని చూస్తారు. పెట్ట కూడా ఊరికే కూర్చోదు, ముక్కుతో గుడ్లను మాటిమాటికీ దొర్లిస్తుంది. దొర్లించకపోతే పిండం పెంకు లోపలి పొరకు అతుక్కుపోవచ్చు.

అలాగని పుట్టుకతో వచ్చేది ఏమీ లేదనడం కూడా అబద్ధమే. కప్ప కణం ఏం చేసినా కోడి కాదు. పైగా కణానికి ఆ వెసులుబాటు కొద్దికాలమే. హన్స్ స్పేమన్ న్యూట్ అనే ఉభయచర జీవి పిండంలో, మెదడు కావలసిన ముక్కను తొలిదశలో చర్మం వచ్చే చోట అతికిస్తే అది చర్మమైంది. కాస్త ఆలస్యంగా అతికిస్తే చర్మం మధ్యన కూడా మెదడు కణజాలమే అయింది. మరి ఏడో తరగతికి వచ్చేసిన పిల్లవాడికి కాలం దాటిపోయిందా? పిండం ఆ ప్రశ్నకు జవాబు చెప్పదు, దాన్ని అడగనూ కూడదు. పద్నాలుగేళ్లకు మూడో భాష నేర్చి, సంతలో చింతపండు తూకానికి నోటిలెక్క చెప్పే పిల్లలు మన కళ్లముందే ఉన్నారు.

ఎనిమిదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం వచ్చినప్పుడు గుడ్డు పగలగొట్టనవసరం లేదు. పొదగేసిన ఏడో రోజున చీకటి గదిలో టార్చిలైటు ముందు పెడితే, ఎర్రటి రక్తనాళాలు సాలెగూడులా కనిపిస్తాయి. పిల్లలందరూ చూశాక, చల్లారకముందే పెట్ట కిందకు చేర్చాలి.