ముందు కూర్చున్న మనిషి

మా చిత్తూరు వైపు ఎవరి మాట మీదైనా అనుమానం వచ్చిందంటే చాలు, "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అంటారు. అప్పు తీర్చేశానన్నవాడూ, గట్టు జరపలేదన్నవాడూ, తాగుడు మానేశానన్నవాడూ కోనేట్లో మునిగి, తడిబట్టలతో వరసిద్ధి వినాయకుడి ముందు నిలబడాల్సిందే. బస్సెక్కే ముందే నిజం కక్కేసినవాళ్ళు ఎందరో వున్నారని మా అమ్మమ్మ అంటూండేది. సాక్షి లేనిచోట మనిషి చేత నిజం చెప్పించడం ఎలా అన్న చిక్కుకి మావాళ్ళు కనిపెట్టిన ఉపాయం అది.

అలాంటి సాక్షి లేని చోటు ఇంకొకటి వుందని నాకు ఈమధ్యే తెలిసింది. తెరచాప పడవల పందెం!

నవ్వకండి. చిత్తూరు ఆడదానికి తెరచాపలతో ఏం పనండీ అంటే, నిజమే, ఏ పనీ లేదు. మా నీవా నదిలో నీళ్ళు పారితే ఊరంతా వంతెన మీదికి చూడ్డానికి వెళ్తాం. పడవంటే మాకు తిరుమల పుష్కరిణిలో తెప్పోత్సవమే. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు సూళ్ళూరుపేట తిరుపతి జిల్లాలోకి వచ్చింది కాబట్టి, పులికాట్ సరస్సులో చేపలు పట్టే తెరచాప పడవలు కూడా కాగితం మీద మాకు ఇరుగుపొరుగయ్యాయి. అంతకుమించి మాకూ పడవలకీ చుట్టరికం లేదు.

చుట్టరికం మా మేనకోడలి వల్ల వచ్చింది. అన్నయ్యావాళ్ళు హైదరాబాదులో వుంటారు. మనం బుద్ధుడి విగ్రహాన్ని చూసి, మరమరాలు కొనుక్కుని వచ్చేసే హుస్సేన్‌సాగర్‌లో పిల్లలకి తెరచాప పడవలు నడపడం నేర్పుతారు. సికిందరాబాదులోని సైన్యం వాళ్ళు ఎప్పట్నుంచో నేర్పుతున్నారు. 2009లో పెట్టిన యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ వచ్చాక లేనింటి పిల్లలు కూడా ఎందరో ఈ ఆటలోకి వచ్చారు. ఏటా వానాకాలంలో అక్కడ పెద్ద పందేలు జరుగుతాయి. రెగట్టా అంటారు. హైదరాబాదు అమ్మాయి ప్రీతి కొంగర, సుధాంశు శేఖర్‌తో జంటగా, 2023లో చైనాలో జరిగిన ఆసియా క్రీడల దాకా వెళ్ళింది. ఈ ఆట మన దేశానికి కొత్తదేం కాదు. ఎన్.సి.సి. నౌకా విభాగంలో ఆడపిల్లలు సైతం ఎంటర్‌ప్రైజ్ అనే ఇద్దరు మనుషుల పడవ మీద నేర్చుకుంటారు. జాక్ హోల్ట్ అనే ఇంగ్లీషాయన 1956లో గీసిన నమూనా అది. పొడుగు నాలుగు మీటర్లు, అంటే మన పెరటి వంటింటంత.

సరే, ఆ ఇద్దరూ ఏం చేస్తారో చెప్పనివ్వండి, నా గోలంతా అక్కడే వుంది.

వెనక కూర్చున్న మనిషి చేతిలో చుక్కాని వుంటుంది, పెద్ద తెరచాప తాడు కూడా వుంటుంది. ఆ మనిషిని హెల్మ్ అంటారు. ముందు కూర్చున్న మనిషి క్రూ. క్రూ చేతిలో వుండేది జిబ్ అనే చిన్న తెరచాప తాడు. పడవ నడుమ నీళ్ళలోకి దించే పలకని ఎత్తడం, దించడం కూడా ఆ మనిషి పనే. గాలి ఒకవైపు నెట్టి పడవ వాలిపోతూంటే, రెండోవైపు అంచు మీదికెక్కి, పాదాలు పట్టీల్లో ఇరికించి, నడుం వెనక్కి వాల్చి, తమ బరువుతో పడవని నిలబెట్టాలి. ఇద్దరూ వాలాలి. ఒకరు వాలి ఒకరు కూర్చుంటే కుదరదు.

పాఠాల్లో మొదటిది పడవని బోర్లా వెయ్యడమట! కావాలని తిరగేస్తారు. ఒకరు ఈదుకుంటూ వెళ్ళి అడుగున వున్న పలక పట్టుకుని వేళ్ళాడతారు. రెండోవారు తెరచాప పక్కన నీళ్ళలో వెల్లకిలా తేలుతూ, పడవ లేచేటప్పుడు దాంతోపాటే లోపలికొచ్చి పడి, బయటున్నవారిని పైకి లాగుతారు. మునగడం నేర్పాకే నడపడం నేర్పుతారన్నమాట. మన పెళ్ళిళ్ళలో ఈ పద్ధతి లేకపోయింది గదా అని నేనంటే, వదిన విసుక్కుంది.

ఇందులో నాకు తెలియని సంగతి ఒకటుంది. చుక్కాని పట్టుకున్న మనిషికి అంతా కనిపిస్తుందనుకున్నాను. కనిపించదు. తెరచాపలు వాలినవైపు ఏం వస్తున్నదీ గుడ్డ అడ్డంవచ్చి సరిగా తెలియదు. అటు తొంగిచూసి, "పడవొస్తోంది, తగ్గు" అనో, "పో, దారుంది" అనో చెప్పాల్సింది ముందు కూర్చున్న మనిషి. పడవ ఆ మనిషి కంటితో నడుస్తుంది. చెప్పకపోతే గుద్దుకుంటుంది.

ఇప్పుడు పందెం సంగతి. నీళ్ళ మీద అక్కడక్కడా రబ్బరు బుడగలు తేలేస్తారు. మార్కులంటారు. వాటిని చుట్టి రావాలి, తగలకూడదు. తగిలితే, పక్క పడవలకి అడ్డం రాకుండా దూరంగా జరిగి, ఉన్నచోటే ఒక చుట్టు తిరిగి, ఆ తర్వాతే ముందుకెళ్ళాలి. దారి ఇవ్వాల్సిన పడవకి ఇవ్వకపోతే రెండు చుట్లు. ఈల ఊదడానికి ఫుట్‌బాలు ఆటలో లాగా వెంటపరిగెత్తే మనిషి సాధారణంగా వుండడు. తప్పు చేసినవాళ్ళే శిక్ష వేసుకోవాలని నియమాల పుస్తకం మొదట్లోనే రాసి వుంది. పక్కవాళ్ళు చూస్తే "ప్రొటెస్ట్" అని అరుస్తారు. చూడకపోతే లేదు.

పోయిన వానాకాలం మా మేనకోడలు ముందు కూర్చుంది. చుక్కాని పట్టిన కుర్రాడు ఆమెకంటే రెండేళ్ళు పెద్ద. మూడో స్థానంలో వున్నారు. మార్కు చుట్టేటప్పుడు అంచు మీద వాలిన ఈ పిల్ల లైఫ్ జాకెట్టు ఆ బుడగకి రాసుకుంది. రాసుకోవడమంటే, చీర కుచ్చెళ్ళు గుమ్మానికి తగిలినంత. వాడు చూడలేదు. వెనక పడవ దూరంగా వుంది. పిల్ల "తగిలింది, తిప్పు" అంది. వాడు తిప్పాడు, కానీ సాయంత్రం దాకా మాట్లాడలేదు. ఏడో స్థానంలో వచ్చారు.

వదిన ఈ కథ నాకు చెబుతూ, "నీకెందుకే అన్నాను. నడిపింది వాడు. వాడు చూడనిది నువ్వు చెప్పడమేమిటి? చూడు నువ్వైనా చెప్పు దానికి" అంది.

నేను చెప్పలేదు. ఎందుకంటే వదిన మాట నాకు కొత్తగా అనిపించలేదు. మనింట్లో మనం రోజూ అనే మాటే అది. ఆయన ఆఫీసులో ఏం తెచ్చారో, ఎలా తెచ్చారో మనకెందుకు? కొట్లో తూకం సంగతి మనకెందుకు? కొడుకు పెళ్ళిలో కట్నం సంగతొచ్చినప్పుడు "మాదేముందండీ, మగవాళ్ళు మాట్లాడుకున్నారు" అని, వియ్యపురాలి ముందు కాఫీ గ్లాసు పెట్టి, లోపలికొచ్చి ఆ డబ్బుతో కొనాల్సిన నగ గురించి ఆలోచించని వాళ్ళెందరు? చుక్కాని మనచేతిలో లేదు. కాబట్టి తప్పు మనది కాదు. ఎంత హాయిగా వుంటుందో ఈ లెక్క!

ఈ లెక్కకి మనకో పెద్ద సాక్ష్యం కూడా వుంది. వాల్మీకి కథ. దారిదోపిడీ చేసే బోయవాడిని మునులు అడుగుతారు, ఈ పాపంలో నీ పెళ్ళాం పిల్లలకి భాగముందా అని. ఇంటికెళ్ళి అడిగితే, "మమ్మల్ని పోషించడం నీ పని, ఎలా తెచ్చావో మాకనవసరం, పాపం నీదే" అని భార్య అంటుంది. చిన్నప్పుడు ఆ కథ చెప్పిన ప్రతివారూ బోయవాడికి జ్ఞానం కలిగిందని చెప్పి ఆపేసేవారు. భార్య సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఆవిడ ఆ పూటకి దోచుకొచ్చిన గింజలతోనే ఎసరు పెట్టిందా లేదా? ఆవిడకి తెలుసు. తెలిసే వండింది. భర్త పుణ్యంలో సగం భార్యదీ, పాపంలో మాత్రం కాదూ అని పెద్దలనడం నేనూ విన్నాను. ఈ ఏర్పాటు చేసినవారికి ఆడవాళ్ళ మీద దయ వుందేమో గాని గౌరవం మాత్రం లేదని నా అనుమానం. పాపంలో భాగం ఇవ్వని వాళ్ళకి మాటలో భాగం ఎవరిస్తారు?

పడవ పందేల నియమాల పుస్తకంలో మాటలకి అర్థాలిచ్చిన పట్టికొకటుంది. అందులో పడవ అంటే ఏమిటో రాశారు. పడవ అంటే ఆ పడవా, అందులో వున్న మనుషులూ కలిపి అని. అంచేత శిక్ష హెల్మ్‌కి అనీ, క్రూకి అనీ వుండదు. శిక్ష పడవకి. ఎవరి చేత తగిలినా తిరిగేది ఇద్దరూ.

ఇది న్యాయమేనా అని మీరడిగితే, నాకూ వెంటనే అవునని చెప్పబుద్ధి కావడం లేదు. నోరెత్తితే చెంప పగిలే ఇళ్ళున్నాయి. తాడు చేతికివ్వకుండా, వెనక్కి తిరిగి చూడనివ్వకుండా కూర్చోబెట్టిన మనిషిని "నువ్వూ తిరుగు, నీకూ భాగముంది" అనడం అన్యాయం. అది క్రూ కాదు, మూట. మూటకి పాపం లేదు. కానీ మనలో ఎంతమందిమి నిజంగా మూటలం? చీర రంగు దగ్గర్నుంచి పిల్లాడి కాలేజీ దాకా మాట చెల్లించుకునే మనం, ఆ ఒక్క సంగతి వచ్చేసరికి మూటలమైపోతాం. తాడు చేతిలో వున్నవాళ్ళ గురించే నేననేది.

మొగుడూ పెళ్ళాం ఒకే పడవలో పందెం నెగ్గిన ముచ్చట కూడా వుంది. 1982లో మన ఢిల్లీ ఆసియా క్రీడలప్పుడు పడవ పందేలు బొంబాయిలో పెట్టారు. ఎంటర్‌ప్రైజ్ పందెంలో బంగారు పతకం పాకిస్తాన్‌కి చెందిన బైరామ్ అవారీ, ఆయన భార్య గోష్పీ అవారీలది. కరాచీ పార్సీ దంపతులు వాళ్ళు. ఫైర్‌బాల్ అనే మరో ఇద్దరి పడవలో బంగారం మనవాళ్ళు ఫరోఖ్ తారాపూర్, జరీర్ కరంజియాలకి వచ్చింది. మనవాళ్ళు గెలిచారని సంతోషమే, కానీ నా మనసు మాత్రం ఆ దంపతుల దగ్గరే ఆగిపోయింది. ఆ పడవలో "తప్పు, తిప్పండి" అని ఒకరు అనాల్సివస్తే ఎలా అనుకునేవారో, ఇంటికెళ్ళాక భోజనం ఎలా చేసేవారో!

ఒలింపిక్స్‌లో ఆడే ఇద్దరి పడవ పేరు 470. పొడుగు 4 మీటర్ల 70 సెంటీమీటర్లు కాబట్టి ఆ పేరు. 1976లో ప్రవేశపెట్టారు. 1988 నుంచి ఆడవాళ్ళకి వేరే పందెం, మగవాళ్ళకి వేరే పందెం. 2024 పారిస్ ఒలింపిక్స్ నుంచి మాత్రం ఒక ఆడా ఒక మగా కలిసి ఎక్కాల్సిందే అన్నారు. ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది వాళ్ళిష్టం. మొదటి బంగారం ఆస్ట్రియా జంటకి వచ్చింది. చుక్కాని పట్టింది లారా వాద్‌లావ్, ముందు కూర్చున్నది లూకాస్ మేర్. ఆడది వెనక, మగవాడు ముందు. వదినకి చెబితే, "అయితే తప్పు జరిగితే ఆవిడదేగా" అంది! చూశారా, మనిషి మారినా లెక్క మారలేదు.

కాణిపాకంలోని బాహుదా నది కథ చిత్తూరులో పుట్టిన ప్రతి పిల్లకీ తెలుసు. శంఖుడూ లిఖితుడూ అన్నదమ్ములు. స్వామి దర్శనానికి వస్తూంటే దారిలో తమ్ముడికి ఆకలేసి, రాజుగారి తోటలో మామిడిపండు అడక్కుండా కోసుకున్నాడు. చూసింది అన్న ఒక్కడే. ఆ సంగతి రాజుదాకా వెళ్ళింది. వెళ్ళింది అన్నవల్లే. రాజు లిఖితుడి చేతులు నరికించాడు. నదిలో స్నానం చేయగానే చేతులు మళ్ళీ వచ్చాయి, అందుకే దానికి బాహుదా అని పేరొచ్చింది. చిన్నప్పుడు నాకు శంఖుడంటే ఒళ్ళు మండేది. పండుకి చేతులా! ఇప్పటికీ ఆ రాజు శిక్ష నాకు మింగుడు పడదు. శంఖుడి మీద కోపం మాత్రం కొంచెం తగ్గింది. ముందు కూర్చుని చూసిన మనిషి కదా.

అయితే మా మేనకోడలు చేసింది శంఖుడి పని కాదు. అది ఒడ్డు మీది పెద్దల దగ్గరికి పరిగెత్తలేదు. చుక్కాని పట్టినవాడికే చెప్పింది. పడవ లోపల చెప్పడం వేరు, పడవ బయట చెప్పడం వేరు. అదే అడిగాను దాన్ని, "వాడు తిప్పనని మొండికేసి వుంటే?" అని.

కాసేపు ఆలోచించింది. "తిప్పకపోతే పడవ నాచేత తిరగదత్తా. ఒడ్డుకొచ్చాక ఇద్దరం వెళ్ళి మా పడవ పేరు తీయించేసుకుందాం అంటాను. రాకపోతే నేనొక్కదాన్నే వెళ్ళి చెప్తాను. ఆ తర్వాత వాడు నన్నెక్కించుకోడు. ఇంకెవరూ కూడా ఎక్కించుకోరేమో" అంది.

వదిన ఆ మాట విని, "చూశావా" అన్నట్టు నావైపు చూసింది. ఆ చూపుకి నా దగ్గర సమాధానం లేకపోయింది. నిజం చెప్పే పిల్లని ఎక్కించుకునే పడవలు ఎన్నున్నాయో లెక్కపెట్టి కూతుర్ని పెంచాల్సిన తల్లి ఆవిడ. నాకేం, వ్యాసం రాసుకుంటాను.

ఇంతకీ శంఖుడు రాజు దగ్గరికి వెళ్ళే ముందు తమ్ముడితో ఏమన్నాడు? ఒకసారైనా "వెనక్కి వెళ్ళి తోటమాలికి చెప్పుకుందాం రా" అన్నాడా? మా అమ్మమ్మ చెప్పిన కథలో ఆ మాట లేదు. ఈసారి కాణిపాకం వెళ్ళినప్పుడు పూజారిగారిని అడుగుదామనుకుంటున్నాను.